ముందు ప్రసంగం, తర్వాత ప్యాకెట్టు: ఇలాంటి చోటికి కానుక పంపాలా?

కిటికీపక్కసీటు
మా సంఘం తరఫున ఒక సంస్థకి ఏడాదిగా డబ్బు పంపుతున్నాం. యుద్ధంలో ఇళ్ళొదిలి వచ్చినవాళ్ళ శిబిరంలో తిండి, మందులు పంచుతారని చెప్పారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళు పంపిన వీడియో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

జనం ఎండలో నేలమీద కూర్చున్నారు. పక్కనే ప్యాకెట్లు గుట్టగా పోసి ఉన్నాయి. ఒకాయన మైకులో ప్రసంగం, ఇంకొకాయన దాన్ని వాళ్ళ భాషలోకి మార్చడం. చివర్లో "నమ్మినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్కరు మిగలకుండా ఎత్తారు. అప్పుడు పంపకం మొదలైంది. ఒకావిడ ఒళ్ళో పసివాడున్నాడు, కళ్ళు సగం మూసుకుపోయి. కెమెరా వాడి మొహం మీదే పది సెకన్లు ఆపారు. ఆవిడ మాత్రం ప్రసంగం చేసేవాణ్ణి చూడట్లేదు, ఆ గుట్టనే చూస్తోంది.

నేను విశ్వాసినే. "నేను ఆకలిగొంటిని" అన్న యేసు వాక్యం మనసులో పెట్టుకునే ఇస్తున్నా. మానేస్తే ఆ పసివాడి ప్యాకెట్టు తగ్గుతుందేమోనని భయం. ఇస్తూపోతే ఇంకో వీడియోకి నేనే డబ్బిచ్చినట్టు ఉంటుంది. ఏం చేయమంటారు?

నాస్తికనాని
అందరూ చేతులెత్తడంలో వింతేముంది? ప్యాకెట్ల గుట్ట పక్కన నిలబడి "భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేవాళ్ళు" అన్నా ఎత్తుతారు. ఆకలేస్తే నేనైతే రెండూ ఎత్తుతా.

యోహాను_కె
నానీ, ఎగతాళికి ఖర్చు లేదు. ఆ శిబిరానికి వెళ్ళింది వాళ్ళే కదా, నువ్వూ నేనూ కాదు. ఎవరూ పోని చోటికి పోయినవాళ్ళలో మిషనరీలు ఎంతమంది ఉన్నారో చరిత్ర తిరగేసి చూడు. ఫాదర్ డేమియన్ సంగతే తీసుకో. హవాయిలోని మొలొకాయి ద్వీపంలో కుష్ఠురోగుల్ని ఊరికి దూరంగా పడేసినట్టు ఉంచేవారు. ఆయన 1873లో అక్కడికి వెళ్ళాడు. పుళ్ళు కడిగాడు, ఇళ్ళు కట్టాడు, శవపేటికలు కూడా తన చేతులతోనే చేశాడు. చివరికి ఆ జబ్బు తనకీ సోకి 1889లో పోయాడు. ఆయనా ప్రసంగాలు చేశాడు మరి. దాన్నీ ఎర అంటావా?

నాస్తికనాని
పదహారేళ్ళు వాళ్ళతో కలిసి బతికి, వాళ్ళ జబ్బుతోనే పోయినవాడు ఆయన. మైకు చేతిలో పెట్టేసి సాయంత్రం విమానం ఎక్కలేదు. ఆ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది, థాంక్స్ బ్రదర్.

కొంగుముడి
నేను నర్సుని. పశ్చిమాఫ్రికా తీరంలో ఒక క్రైస్తవ ఆసుపత్రి ఓడ మీద రెండు విడతలు పనిచేశాను. మొహం మీద గడ్డలు, గ్రహణం మొర్రి, కంటి శుక్లాలు, కాలి అతుక్కుపోయిన చేతులు, వంకరకాళ్ళ పిల్లలు, అన్నిటికీ ఉచితంగా ఆపరేషన్లు. వచ్చేవాళ్ళలో ముస్లింలు చాలామంది. నీ మతమేంటని ఎవరినీ అడగలేదు, అడిగే కాలమ్ కూడా ఫారంలో లేదు. ప్రార్థన ఉండేది, కానీ అది పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు మాకు మేం చేసుకునేది. రోగి అడిగితే పక్కన కూర్చుని చేసేవాళ్ళం. ఒకసారి డిశ్చార్జి అవుతున్న ఒక ఇమాము గారు "ఇప్పుడు మీ కోసం నేను చేస్తాను" అన్నారు. మేమంతా తలొంచుకుని నిలబడ్డాం.

అక్కడ అన్నిటికంటే కష్టమైన పని ఆపరేషను కాదు. రోగుల్ని ఎంపిక చేసే రోజు "మీ జబ్బుకి మా దగ్గర వైద్యం లేదు" అని చెప్పడం. మూడు రోజులు నడిచొచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పాలి. ఆ పనికి విడిగా ఒక మనిషిని పెట్టేవారు, పక్కన కూర్చుని చెప్పడానికి. నేను రెండుసార్లు చేశాను. ఇక నావల్ల కాదన్నాను.

కిటికీపక్కసీటు గారూ, మీరు చెప్పిన పసివాడి దగ్గర నాకు ఒళ్ళు మండింది. కళ్ళు సగం మూసుకుపోయిన పిల్లవాణ్ణి ప్రసంగం అయ్యేదాకా ఎండలో కూర్చోబెట్టకూడదు. ముందు చేతి జబ్బకి మూడు రంగుల పట్టీ చుట్టి చూడాలి. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లలకి కొలత 11.5 సెంటీమీటర్లకి తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపం. వాళ్ళకి ఇంటిల్లిపాదికీ ఇచ్చే ప్యాకెట్టు కాదు ఇవ్వాల్సింది. 92 గ్రాముల పొట్లాల్లో వేరుశనగ ముద్ద వస్తుంది, ఒక్కోదానిలో 500 క్యాలరీలు. అది పెట్టాలి. పిల్లవాడు మగతగా ఉన్నా, ఒళ్ళు బాగా వాచినా అది కూడా కాదు, నేరుగా వార్డుకే. పట్టీ చుట్టడానికి అర నిమిషం చాలు.

గళ్ళచొక్కా
అక్కా, ఆ అర నిమిషం ముక్క చదివాక ఇక నాకు వాదించాలనిపించట్లేదు.

యోహాను_కె
నాకూ ఆ పసివాడి విషయంలో వాదన లేదు. కానీ మొత్తానికి నోరు మూసుకుని ఉండాలంటే ఒప్పుకోను. "ఇంత దూరం ఎందుకొచ్చారు" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడేం చెప్పాలి, జీతం కోసమనా?

కొంగుముడి
అడిగితే చెప్పండి. అడిగేదాకా కట్టు కట్టండి.

పాతపేపర్లు
ఇది క్రైస్తవులకీ బయటివాళ్ళకీ మధ్య గొడవ అనుకుంటున్నారు ఇక్కడ. కాదు. విపత్తు సాయం చేసే సంస్థలకి 1994లో ఒక ప్రవర్తనా నియమావళి రాశారు. ఏ రాజకీయ, మత అభిప్రాయాన్నీ ముందుకు నెట్టడానికి సాయాన్ని వాడకూడదని అందులో ఒక నియమం ఉంది. దాన్ని ముందుకు తెచ్చింది రెడ్‌క్రాస్ ఒక్కటే కాదు. కారిటాస్, కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కూడా మొదటి వరసలోనే ఉన్నాయి. నాలుగూ చర్చి సంస్థలే. నానీ లాంటివాళ్ళు పెట్టిన ఆంక్ష కాదది.

అంతకంటే ముందు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక ఓడిపోయిన జర్మనీలో పిల్లలు ఆకలితో మాడుతుంటే అమెరికా క్వేకర్లు వెళ్ళి లక్షల మందికి తిండి పెట్టారు. నిన్నటిదాకా శత్రువుల పిల్లలు వాళ్ళు. 1947లో నోబెల్ శాంతి బహుమతి బ్రిటన్, అమెరికా క్వేకర్ల సేవా సంస్థలకి కలిపి ఇచ్చారు. ఆ తిండికి జర్మనీలో జనం పెట్టుకున్న పేరే "క్వేకర్ల భోజనం". మైకు లేకుండానే ఎవరు పెట్టారో అందరికీ తెలిసింది చూడండి.

ఉత్తరాలబుజ్జి
ఇక్కడ అందరూ ఇచ్చే చేతి వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను పుచ్చుకున్న చేతిని.

ఏడేళ్ళప్పటి నుంచి పదహారేళ్ళ దాకా నాకు ఒక విదేశీ స్పాన్సర్ ఉండేది. స్కూలు ఫీజు, పుస్తకాలు, ఏడాదికోసారి డాక్టరు పరీక్ష. బదులుగా ఆవిడకి ఉత్తరాలు రాయాలి. ఒక గదిలో అందర్నీ కూర్చోబెట్టి బోర్డు మీద నమూనా ఉత్తరం రాసేవారు, మేం దించేవాళ్ళం. నలభై మంది పిల్లలకీ ఒకటే ఇష్టమైన రంగు. ఆవిడ మాత్రం నిజంగా రాసేది పాపం. ఎక్కువగా వాళ్ళ కుక్క గురించి. ఫోటో కూడా పంపింది, దానికి సొంత మంచం ఉంది. ఆ కుక్క ముసలిదై చచ్చిపోయినప్పుడు నేను నిజంగానే ఏడ్చాను. అప్పుడు మాత్రం బోర్డు చూడకుండా రాశాను.

ఏడాదికోసారి ఫోటో తీసేవారు. తీసేవాడు ప్రతిసారీ ఒకే మాట: "నవ్వొద్దు". కొత్త గౌను వేసుకెళ్తే ఇంటికి పంపి పాతది వేసుకు రమ్మన్నాడు.

ఇంకో సంగతి. ఇంటికి ఒక్కరికే అన్నారు. మా ఇంట్లో నాకు వచ్చింది, అక్కకి రాలేదు. నేను ఫార్మసీ చదివాను. అక్క ఎనిమిదితో ఆపేసింది. ఆ సంస్థని తిట్టాలా పొగడాలా నాకిప్పటికీ తెలియదు. అక్కకి తెలుసేమో, నేనెప్పుడూ అడగలేదు.

నాస్తికనాని
ఈ పోస్టు మీద నేనేం జోకులు వెయ్యను.

లెక్కలమాస్టారు
బుజ్జి గారూ, మీ చదువు విషయం మీ ఒక్కరిదే కాదు. కంపాషన్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ స్పాన్సర్ చేసిన పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో బ్రూస్ వైడిక్ అనే ఆర్థికవేత్త బృందం ఆరు దేశాల్లో పరిశీలించింది. 2013లో అచ్చయింది. స్పాన్సర్ దొరికిన పిల్లలు సగటున ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదువుకున్నారని తేలింది. తక్కువేం కాదు. మీ అక్క గారి లోటు మాత్రం ఆ సగటులో కనపడదు.

ఇక అసలు ప్రశ్న. నేను ఆడిట్ పనిలో ముప్ఫై ఏళ్ళున్నాను, కాబట్టి నా గొడవ నాది. సంఘంలో లెక్కలడిగితే "విశ్వాసం తక్కువ" అంటారు. వాళ్ళకి పౌలు గారిని చూపించండి. కరువొచ్చినప్పుడు అంతియొకయ విశ్వాసులు యూదయకి సాయం పంపారు, బర్నబా సౌలుల చేతికిచ్చి (సౌలంటే పౌలే). ఇద్దరున్నారు గమనించండి. తర్వాత కొరింథు నుంచి కానుక తెచ్చే పనిలో తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న ఇంకో సహోదరుణ్ణి కూడా పంపిస్తాడు. ఎందుకో ఆయనే రాశాడు: ఇంత పెద్ద మొత్తం విషయంలో మామీద ఎవరూ తప్పు మోపకూడదని. ఒక్కడి చేతికి సంచి ఇవ్వలేదు. నాకు తెలిసి సంఘంలో మొట్టమొదటి ఆడిట్ అదే.

మీరు ఆ సంస్థని అడగండి. ఆడిట్ అయిన లెక్కలున్నాయా? ఎవరికి ఇవ్వాలన్న జాబితా ఎవరు రాస్తారు? పంచేవాడి మీద ఫిర్యాదుంటే ఆ శిబిరంలో మనిషి ఎక్కడికి వెళ్ళి చెప్పుకోవాలి? మనిషికి రోజుకి ఎన్ని లీటర్ల నీళ్ళు అందుతున్నాయి, ఎంతమందికి ఒక మరుగుదొడ్డి? విపత్తు సాయానికి పెట్టుకున్న స్ఫియర్ ప్రమాణాల్లో కనీసం 15 లీటర్లు, 20 మందికి ఒకటి అని ఉంది. ఈ పని నిజంగా చేసేవాళ్ళకి ఈ అంకెలు నాలుక చివరే ఉంటాయి. "మీ కానుకలో ప్రతి పైసా పేదలకే" అని చెప్పేవాళ్ళని మాత్రం కాస్త అనుమానించండి. లారీ నడిపేవాడు గాలి తిని నడపడు.

నాస్తికనాని
మాస్టారూ, పౌలు గారికి రవాణా ఖర్చు ఎంతయిందో?

లెక్కలమాస్టారు
మూడుసార్లు ఓడ పగిలింది. బీమా లేదు.

గళ్ళచొక్కా
డబ్బు గొడవ లేకుండా వస్తువులే పంపితే? మా సంఘంలో యువకులు పాత బట్టలు పోగుచేద్దామంటున్నారు.

గోడౌన్‌భాస్కర్
వద్దు తమ్ముడూ. దండం పెడతా, వద్దు.

ఒక భూకంపం తర్వాత సహాయక గోడౌన్‌లో రెండు నెలలు ఉన్నాను. ప్రపంచం నలుమూలల నుంచీ బట్టల మూటలు. వేడి దేశానికి ఉన్ని కోట్లు. గడువు దాటిన మందులు, ఎవరికీ చదవడం రాని భాషలో చీటీలు. ఒక మూటలో పెళ్ళిగౌను, ఇంకోదానిలో ఎడమకాలి చెప్పులు మాత్రమే. నిజంగా, ఎడమవే. అవన్నీ ఏరడానికి ఇరవై మందిమి. ఈలోపు టార్పాలిన్ల లారీ బయట వానలో నిలబడింది, దింపడానికి లోపల చోటు లేదు. డబ్బు పంపితే దగ్గర్లోనే కొంటారు, అక్కడి కొట్టువాడూ బతుకుతాడు.

యోహాను_కె
అన్నిటినీ ఒక గాటన కట్టేయకండి. సమరిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళు 1993 నుంచి క్రిస్మస్‌కి చెప్పుల పెట్టెలో బొమ్మలు, పెన్సిళ్ళు పెట్టి పంపుతున్నారు. జన్మలో బహుమతి ఎరగని పిల్లవాడు పెట్టె విప్పినప్పటి సంతోషాన్ని లీటర్లతో కొలవలేం.

గోడౌన్‌భాస్కర్
సంతోషం కాదనను. ఆ పెట్టె దాటొచ్చిన దూరానికయ్యే ఖర్చుతో ఇంకేం చేయొచ్చన్నదే నా ప్రశ్న.

ఉత్తరాలబుజ్జి
నాకొకసారి అలాంటి పెట్టె వచ్చింది. అందులో పెన్సిల్ చెక్కే మర ఎర్రది. ఇప్పటికీ ఉంది నా దగ్గర. ఇద్దరి మాటా నిజమే.

పాతపేపర్లు
వస్తువుల మాటొచ్చింది కాబట్టి డాన్ వెస్ట్ గుర్తొచ్చాడు. అమెరికా రైతు, చర్చ్ ఆఫ్ ది బ్రెద్రెన్ మనిషి. స్పెయిన్ అంతర్యుద్ధంలో పిల్లలకి పాలు కొలిచి పోసే పనిచేశాడు. ఉన్న పాలు అందరికీ రావు, ఎవరికి పోయాలో తేల్చాలి. ఆ పని చేసి చేసి, కప్పుడు పాలు కాదు, ఆవునే ఇవ్వాలి అనుకున్నాడు. దాంట్లోంచే హెఫర్ సంస్థ పుట్టింది. 1944లో మొదటిసారి ప్యూర్టోరికోకి పడ్డలు ఓడలో వెళ్ళాయి. షరతు ఒక్కటే: దానికి పుట్టిన మొదటి పెయ్యని ఇంకో కుటుంబానికి ఇచ్చేయాలి. నిన్న పుచ్చుకున్నవాడు ఇవాళ ఇచ్చేవాడు.

ఇక అందరూ ఒప్పుకునే కథ ఒక్కటైనా దొరుకుతుందా అంటే, నాకు దొరకలేదు. బియాఫ్రా చూడండి. 1967లో నైజీరియా నుంచి విడిపోతామన్నారు, యుద్ధం వచ్చింది, దిగ్బంధం పెట్టారు, పిల్లలు వేలల్లో చచ్చిపోతున్నారు. కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు పాత పేచీలు పక్కనపెట్టి జాయింట్ చర్చ్ ఎయిడ్ పేరుతో విమానాలు నడిపారు. సావో తోమె ద్వీపం నుంచి బయల్దేరి, ఉలి అనేచోట రోడ్డునే వెడల్పు చేసి కట్టిన రన్‌వే మీద దిగాలి. అదీ రాత్రిళ్ళే. విమానం దిగే కొద్దిసేపే దీపాలు, మళ్ళీ చీకటి. పైన బాంబులు వేసే విమానం తిరుగుతుంటుంది. ఎండుచేపలు, పాలపొడి దింపి తెల్లారేలోపు వెళ్ళిపోవాలి. ఇంగ్లీషు పొడి అక్షరాలు జె.సి.ఎ. కాబట్టి పైలట్లు దానికి పెట్టుకున్న పేరు "జీసస్ క్రైస్ట్ ఎయిర్‌లైన్స్". 1970 జనవరి దాకా వేల ట్రిప్పులు వేశారు. సిబ్బందిలో కొందరు కూలిన విమానాల్లోనే పోయారు.

రెండో వైపు. అదే రన్‌వే మీద అదే చీకట్లో ఆయుధాలూ దిగేవి. చర్చి విమానాల చాటున యుద్ధం సాగదీశారని నైజీరియా ప్రభుత్వం మండిపడింది. తిండి ఆగి ఉంటే యుద్ధం ముందే ముగిసేదని, అంత మంది చనిపోయేవారు కాదని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేనైతే ఆ విమానంలో పాలపొడి ఎక్కించేవాణ్ణే. కానీ వాళ్ళ వాదన తప్పని నిరూపించమంటే మాత్రం నావల్ల కాదు.

కిటికీపక్కసీటు
నేను చిన్న ప్రశ్న అడిగానండీ, మీరు నాకు నిద్ర లేకుండా చేస్తున్నారు.

మోడరేటర్
మత మార్పిడి చట్టాల మీద, పార్టీల మీద పెట్టిన మూడు పోస్టులు తీసేశాను. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి. భూమి బల్లపరుపు గురించి నానికి ప్రైవేటు మెసేజ్ పెట్టినవారు దయచేసి ఆపండి.

రెండోతలుపు
మంచి ఉద్దేశం ఒక్కటే చాలనుకునేవాళ్ళకి హైతీ. 2010 జనవరి 12న భూకంపం. ఆ నెలాఖరుకే అమెరికా చర్చిల నుంచి వచ్చిన పదిమంది స్వచ్ఛంద సేవకులు 33 మంది పిల్లల్ని బస్సెక్కించుకుని కాగితాల్లేకుండా సరిహద్దు దాటబోయి దొరికిపోయారు. అనాథలన్నారు. తీరా చూస్తే చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు. అంత నాశనం కళ్ళముందున్నప్పుడు తల్లులు "చదివిస్తాం" అన్న మాట నమ్మి అప్పగించారు. అనాథాశ్రమానికి డబ్బులిచ్చే ముందు ఒక్క మాట అడగండి: ఈ పిల్లలకి ఎవరున్నారు? ఆ ఉన్నవాళ్ళకే ఆ డబ్బు ఎందుకివ్వకూడదు?

యోహాను_కె
ఒప్పుకుంటున్నా, ఇదంతా చదివాక నా మొదటి పోస్టు కొంచెం దూకుడుగానే ఉంది. కానీ ఒకరి గురించి చెప్పనివ్వండి. కాంగోలో డాక్టర్ డెనిస్ ముక్వెగె. పెంతెకొస్తు పాస్టరు కొడుకు. చిన్నప్పుడు నాన్నతో రోగుల్ని చూడ్డానికి వెళ్ళి, నాన్న ప్రార్థన చేస్తే నేను మందిస్తాననుకున్నాడట. 1999లో బుకావులో పాంజి ఆసుపత్రి పెట్టాడు. యుద్ధంలో అత్యాచారాలకి ఛిద్రమైపోయిన వేలమంది ఆడవాళ్ళకి అక్కడ ఆపరేషన్లు చేశారు. 2012లో ఆయన్ని చంపడానికి ఇంటికే వచ్చారు. తప్పించుకుని కుటుంబంతో దేశం దాటాడు. ఆయన తిరుగు టికెట్టు కోసం అక్కడి ఆడవాళ్ళు అనాసపళ్ళు, ఉల్లిపాయలు అమ్మి డబ్బు కూడబెట్టారు. 2013 జనవరిలో తిరిగొచ్చాడు. 2018లో నోబెల్. నాకు మాత్రం ఆ అనాసపళ్ళే పెద్ద బహుమతి అనిపిస్తుంది.

నాస్తికనాని
ఈయన్ని ముందే చెప్పి ఉంటే నేను అసలు గొడవే పడకపోదును.

కొంగుముడి
ఇంకొకటి చెప్పాలి. ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ కాథరిన్ హామ్లిన్, ఆవిడ భర్త రెజినాల్డ్ 1959లో ఇథియోపియా వెళ్ళారు. మూడేళ్ళకని వెళ్ళి అక్కడే ఉండిపోయారు. కాన్పు కష్టమై ఫిస్టులా వచ్చిన ఆడవాళ్ళకోసం 1974లో అడిస్ అబాబాలో ఆసుపత్రి కట్టారు. మూత్రం ఆగక, వాసనకి ఇంట్లోవాళ్ళే వెలేసిన ఆడవాళ్ళు వాళ్ళు. అక్కడికి రోగిగా వచ్చిన మామితు గాషె అనే ఆవిడ, బడి చదువు లేకుండానే, పక్కన నిలబడి చూసి చూసి ఆపరేషన్లు నేర్చుకుంది. తర్వాత డాక్టర్లకే నేర్పింది.

లెక్కలమాస్టారు
ఇక్కడే సొద ఒకటి. 2016లో ఇస్తాంబుల్ శిఖరాగ్ర సమావేశంలో పెద్ద దాతలూ సంస్థలూ ఒప్పందం చేసుకున్నాయి, 2020 కల్లా సాయంలో 25 శాతం స్థానిక సంస్థల చేతికే ఇస్తామని. అంతదూరం రాలేదు. మామితులు ఉన్నారు, చెక్కుల మీద వాళ్ళ పేర్లే లేవు.

కిటికీపక్కసీటు
రెండు వారాలైంది, జరిగింది చెప్తా. మాస్టారి ప్రశ్నలు కాగితం మీద రాసి పాస్టర్ గారికిచ్చాను. మొదట "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నారు. పౌలు, తీతు, రెండో సహోదరుడి సంగతి చెప్పాను. కాసేపు ఊరుకుని, సరే మెయిల్ పెడదామన్నారు.

జవాబొచ్చింది. లెక్కలు రెండు పేజీలు పంపారు, ఆడిటర్ సంతకం లేదు. నీళ్ళు, మరుగుదొడ్ల గురించి "తగినంత" అని ఉంది. ముందు ప్రసంగం ఎందుకంటే, అక్కడి బృందం ఉత్సాహమట, ఇకమీదట పంపకం అయ్యాక విడిగా పెడతారట, ఇష్టమున్నవాళ్ళే కూర్చోవచ్చట. ఇది మాత్రం మంచి మాటే. నా కానుక ఈ మూణ్ణెల్లూ ఆపి, శిబిరాల్లో పిల్లల వార్డులు నడిపే ఇంకో సంస్థకి పంపుతున్నా. సంఘంలో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ముగ్గురు మెల్లగా వచ్చి ఆ సంస్థ పేరడిగారు.

లెక్కలమాస్టారు
ఆ రెండు పేజీలు ఇక్కడ పెట్టకండి. నాకు విడిగా పంపండి, చూస్తాను.

కొంగుముడి
పసివాడి గురించి అడిగారా?

కిటికీపక్కసీటు
రెండుసార్లు అడిగానక్కా. వాడి పేరు, వయసు రాసుకోలేదట. వీడియో ఫైలుకి మాత్రం పేరుంది: "శాడ్ చైల్డ్ ఫైనల్ 2".

ఉత్తరాలబుజ్జి
అయితే మా ఫోటోగ్రాఫరు ఇంకా రిటైరవ్వలేదన్నమాట.